రెమొలీనో అంటే సుడి: స్పానిష్‌లో తిరిగే గాలి, తిరిగే నీరు

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

గిరగిరా తిరిగే గాలికీ, నీటికీ స్పానిష్‌లో ఉన్న మాటలేమిటి, వాటిని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు కాలు ఎక్కడ జారుతుంది – ఈ రోజు ఇదీ విషయం. మీలో చాలామంది అనువాదం చేస్తున్నవాళ్ళు, మిగిలినవాళ్ళు స్పానిష్ నేర్చుకుంటున్నవాళ్ళు. కాబట్టి నిఘంటువులో కనిపించే జోడీలు చదివి ఊరుకోను. ఆ జోడీ ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ తెగిపోతుందో చూద్దాం.

ముందు ఉచ్చారణ. బోర్డు మీద స్పానిష్ మాటల్ని తెలుగు లిపిలోనే రాస్తున్నాను. స్పానిష్‌లో 'టి' అక్షరం మన 'త', 'డి' మన 'ద'. 'వి' అని రాసినా పలికేది 'బ'. 'హెచ్' పలకదు. రెండు 'ఎల్'లు పక్కపక్కన వస్తే చాలా దేశాల్లో 'య' అవుతుంది. అందుకే ఇంగ్లీషువాళ్ళ టోర్నడో స్పానిష్‌లో తొర్నాదో, హరికేన్ ఏమో ఉరకాన్. తెలుగు లిపి ఈ తేడాల్ని రోమన్ లిపి కంటే బాగా పట్టుకుంటుంది. నోట్సు మీరు కూడా తెలుగులోనే రాసుకోండి.

ఈ మాటలన్నిటికీ పెద్దదిక్కు రెమొలీనో. మొలీనో అంటే మర. పిండిమరైనా, గాలిమరైనా. దాని వెనక లాటిన్‌లో తిరగలి రాయికి ఉన్న 'మోలా' అనే మాట ఉంది. ముందున్న 'రె' మళ్ళీ మళ్ళీ అనే భావాన్ని ఇస్తుంది. మరలాగా మళ్ళీ మళ్ళీ తిరిగేది రెమొలీనో. మనం 'తిరుగు' అనే క్రియ నుంచి తిరగలిని చేసుకున్నాం. స్పానిష్‌వాళ్ళు తిరగలి నుంచి తిరగడాన్ని చేసుకున్నారు. దారి ఒకటే, నడిచిన దిక్కు వేరు.

ఇప్పుడు దీని వాడుక గమనించండి. గాలి సుడి తిరిగితే రెమొలీనో. నది సుడి తిరిగితే రెమొలీనో. దుమ్ము తిరిగినా, పొగ తిరిగినా అదే. నడినెత్తిన వెంట్రుకలు గుండ్రంగా తిరిగి ఉంటే అదీ రెమొలీనోనే. ఇంగ్లీషుకి వచ్చేసరికి ఈ ఒక్క మాట ముక్కలైపోతుంది: గాలిదైతే వర్ల్‌విండ్, నీటిదైతే వర్ల్‌పూల్ లేదా ఎడ్డీ, తల మీదిదైతే వోర్ల్, దువ్వినా లొంగకుండా నుదుటి మీద నిక్కే జుట్టయితే కౌలిక్. ఒక మాటకి నాలుగైదు మాటలు. సందర్భం చూడకుండా నిఘంటువులో మొదట కనిపించిన అర్థం తీసుకునేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. 'తియేనె ఉన్ రెమొలీనో ఎన్ లా ఫ్రెంతె' అనే వాక్యానికి అర్థం 'అతని నుదుటి మీద సుడి ఉంది' అని. మొదటి అర్థం పట్టుకుని ఇంగ్లీషు చేస్తే అతని నుదుటి మీద సుడిగాలి వీస్తుంది.

తెలుగులో మనకి ఆ బాధ లేదు. సుడిగాలి, సుడిగుండం, తలలో సుడి – మూడింటికీ సుడే. ఎద్దుని కొనేటప్పుడు ఒంటి మీద సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసే అలవాటు మన రైతులకి ఉంది. స్పానిష్‌లో గుర్రాల గుర్తింపు పత్రాల్లోనూ రెమొలీనోలు ఉంటాయి. ముద్రించిన గుర్రం బొమ్మ మీద, సుడి ఉన్నచోట ఇంటూ గుర్తు వేస్తారు. ఒంటి రంగు ఒకటే అయిన రెండు గుర్రాల్ని వేరు చేసేది ఆ సుడులే. అలాంటి పత్రాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు వోర్ల్ అని రాయడం మేలు. కౌలిక్ ఎక్కువగా మనుషుల జుట్టుకి వినిపించే ఇంటిమాట.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: రెమొలీనోని ఇంగ్లీషు మీదుగా తెలుగులోకి తేకండి. నేరుగా సుడి దగ్గరికి రండి. ఇంగ్లీషు అవసరమైతే, ఏది తిరుగుతోందో తేలిన తర్వాత చివర్లో దాని దగ్గరికి వెళ్ళండి.

దీనికో క్రియ కూడా ఉంది: అర్రెమొలినార్సె. ఎండుటాకులు సుడులు తిరగడానికి వాడతారు, జనం ఒకచోట గుమిగూడి అటూ ఇటూ కదలడానికీ వాడతారు. ఆకుల విషయంలో ఇంగ్లీషుకి స్వర్ల్ సరిపోతుంది. జనం అటూ ఇటూ మెసులుతుంటే ఇంగ్లీషువాళ్ళు మిల్ అబౌట్ అంటారు. మిల్ అంటే మరే కదా, అక్కడా అదే వచ్చింది చూడండి. రెండు భాషల్లోనూ మర బొమ్మ కలిసే అరుదైన చోటు ఇది, వదులుకోకండి.

తర్వాతి మాట తొర్బెయీనో. దీని మూలం లాటిన్ 'తుర్బో', అంటే బొంగరం. సుడిగాలిని కూడా లాటిన్‌లో అలాగే పిలిచేవారు. 1822లో క్లాడ్ బుర్డిన్ అనే ఫ్రెంచి ఇంజనీరు నీటిచక్రాల యంత్రానికి టర్బైన్ అని పేరు పెట్టింది ఈ మాట నుంచే. తొర్బెయీనో ప్రధానంగా గాలి మాట. రెమొలీనో కంటే వేగం ఎక్కువ, సాహిత్యపు వాసన ఎక్కువ. ఒక్క క్షణం కుదురుగా ఉండని మనిషిని 'ఎస్ ఉన్ తొర్బెయీనో' అంటారు. ఇంగ్లీషులో వర్ల్‌విండ్ అనే మాటనీ మనిషికి ఇలాగే వాడతారు కాబట్టి ఇక్కడ జోడీ చక్కగా కుదురుతుంది. కానీ 'తొర్బెయీనో దె ఇదేయాస్' అంటే ఆలోచనల సుడిగాలి కాదు, బ్రెయిన్‌స్టార్మింగ్. కొలంబియా ఆండీస్ ప్రాంతం నుంచి వచ్చిన రచన అయితే ఇంకో జాగ్రత్త. అక్కడ తొర్బెయీనో అనేది ఒక జానపద సంగీతం, నృత్యం. దాన్ని అనువదించకుండా పేరుగానే ఉంచండి.

ఇక్కడ ఒక వల ఉంది. అదే తుర్బో వేరు నుంచి వచ్చినట్టు కనిపించే మాట తుర్బొనాదా. బొంగరం వేరు చూసి ఇదీ సుడే అనుకుంటారు. కాదు. తుర్బొనాదా అంటే ఒక్కసారిగా లేచి, కాసేపు కొట్టి, తగ్గే ఈదురుగాలి. ఇంగ్లీషులో స్క్వాల్. ప్రపంచ వాతావరణ సంస్థ దీనికి లెక్క పెట్టింది: గాలి వేగం హఠాత్తుగా కనీసం 16 నాట్లు (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) పెరగాలి, 22 నాట్లకి తగ్గకుండా చేరాలి, కనీసం ఒక నిమిషం నిలవాలి. ఇందులో సుడి తిరగడం అన్న షరతే లేదు. విమానాశ్రయాల వాతావరణ నివేదికల్లో దీనికి ఎస్-క్యూ అనే సంకేతం ఉంటుంది. ధూళి సుడులకి పీ-ఓ, మేఘం నుంచి వేలాడే గరాటుకి ఎఫ్-సీ. స్పానిష్ నివేదికలోని మాట అర్థం కాక ఆగిపోతే పక్కనున్న ఈ రెండక్షరాలు చూడండి, సందేహం తీరిపోతుంది. ఆ 'పీ-ఓ' ఇంగ్లీషు కాదు, దుమ్ముకి ఫ్రెంచిలో ఉన్న మాటలోని తొలి అక్షరాలు.

ధూళి అన్నాం కాబట్టి తొల్బనేరా దగ్గరికి వద్దాం. నిఘంటువు ప్రకారం ఇది ధూళి సుడి. మిట్టమధ్యాహ్నం, మబ్బు లేకుండా, నేల బాగా కాగి, గాలి మందంగా ఉన్నప్పుడు నేల నుంచి పైకి లేస్తుంది. కొన్ని మీటర్ల వెడల్పు, కొద్ది నిమిషాల ఆయుష్షు. ఇంగ్లీషులో డస్ట్ డెవిల్. స్పెయిన్ వాతావరణ పరిభాషలో తొల్బనేరా అంటే అచ్చంగా ఇదే. మెక్సికోకి వెళ్ళేసరికి అర్థం సాగిపోతుంది. ఎండాకాలంలో నగరాన్ని కమ్మేసే ధూళి దుమారాన్ని అక్కడ తొల్బనేరా అంటారు. సుడి ఉన్నా లేకపోయినా సరే. టెస్కోకో సరస్సు ఎండిన అడుగు నుంచి లేచి మెక్సికో నగరం మీదికి వచ్చే దుమ్ము గురించి చదివేటప్పుడు డస్ట్ డెవిల్ అని రాస్తే తప్పు, డస్ట్ స్టార్మ్ అని రాయాలి. మన తెలుగులో సుడిగాలికీ గాలిదుమారానికీ ఉన్న తేడా అదే. అంగారకుడి మీది ధూళి సుడుల గురించి రాసే స్పానిష్ వార్తల్లో 'ద్యాబ్లో దె పోల్బో' కనిపిస్తుంది. అది ఇంగ్లీషు మాటకి నకలు. పాత స్పానిష్ కథలో ఆ మాట పెడితే అతుకు వెంటనే తెలిసిపోతుంది.

ధూళి సుడినీ టోర్నడోనీ వేరు చేయడానికి ఒక్క ప్రశ్న చాలు: ఇది నేల నుంచి లేచిందా, మేఘం నుంచి వేలాడుతోందా? టోర్నడో క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘానికి అతుక్కుని ఉంటుంది. పైన మేఘం లేకపోతే అది టోర్నడో కాదు, ఎంత దుమ్ము లేపినా సరే.

తొర్నాదో మాట ప్రయాణం చాలా విచిత్రం. స్పానిష్‌లో త్రొనార్ అంటే ఉరమడం, త్రొనాదా అంటే ఉరుముల వాన. 16వ శతాబ్దంలో అట్లాంటిక్ మీద తిరిగిన ఇంగ్లీషు నావికులు ఈ త్రొనాదాని పట్టుకుని, తిరగడం అనే అర్థమున్న తొర్నార్‌తో కలగలిపి టోర్నడో చేశారు. మొదట్లో ఇంగ్లీషులో కూడా దానికి ఉష్ణమండలపు ఉరుముల గాలివాన అనే అర్థం ఉండేది, సుడి అర్థం తర్వాత స్థిరపడింది. ఆ మాటనే స్పానిష్‌వాళ్ళు ఇంగ్లీషు నుంచి తిరిగి తెచ్చుకున్నారు. ఉరుముగా వెళ్ళిన మాట సుడిగా తిరిగొచ్చింది. కాబట్టి పాత నావికుల ఇంగ్లీషు దినచర్యల్లో టోర్నడో కనిపిస్తే గరాటు ఆకారాన్ని ఊహించుకోకండి. ఉరుములు, మెరుపులు, గాలివాన – చాలాసార్లు అంతే.

జనం నోట టోర్నడోకి ఇంకా అందమైన పేర్లున్నాయి. క్యూబాలో 'రాబో దె నూబె' అంటారు, అంటే మేఘం తోక. 2019 జనవరి 27న హవానాని దెబ్బతీసిన టోర్నడో గురించి చదివితే తొర్నాదోతో పాటు ఈ మాట కూడా ఎదురుకావచ్చు. మెక్సికోలో కులెబ్రా, అంటే పాము. 'కులెబ్రా దె ఆగ్వా' అన్నప్పుడు మాత్రం తొందరపడకండి. గరాటు మేఘం కావచ్చు, ఒక్కసారిగా కురిసే జడివాన కావచ్చు. పక్క వాక్యాల్లో ఆకారం వర్ణించారా, వరద వర్ణించారా చూసి తేల్చుకోవాలి.

ఇక త్రోంబా. ఎక్కువ తప్పులు దొర్లే మాట ఇదే కాబట్టి కాస్త ఆగుదాం. ఇటాలియన్‌లో త్రోంబా అంటే బాకా, ఆకారం పోలికతో వచ్చిన పేరు. 'త్రోంబా మరీనా' అంటే సముద్రం మీద మేఘం నుంచి నీటిదాకా దిగే స్తంభం, ఇంగ్లీషులో వాటర్‌స్పౌట్. అందులో తిరుగుడు ఉంది. మనకి కనిపించే ఆ స్తంభం సముద్రం నుంచి పైకి పీల్చిన నీరని చాలామంది అనుకుంటారు. అది ముఖ్యంగా గాలిలోని ఆవిరి చల్లబడి ఏర్పడిన తుంపర. అనువాదంలో 'నీటిని పీల్చుకుంటూ' అని సొంతంగా కలపకండి. అదే స్తంభం తీరం దాటి నేల మీదికి వస్తే పేరు తొర్నాదో అవుతుంది.

ఇప్పుడు 'త్రోంబా దె ఆగ్వా' చూడండి. మాటకి మాట పెడితే వాటర్ స్పౌట్ అనే వస్తుంది. కానీ దీని అర్థం కుంభవృష్టి. తిరుగుడు లేదు, స్తంభం లేదు, సముద్రమూ అక్కర్లేదు. 'ఉనా త్రోంబా దె ఆగ్వా ఇనుందో ఎల్ ప్వెబ్లో' అంటే కుంభవృష్టి కురిసి ఊరు మునిగింది అని. ఇంగ్లీషులో క్లౌడ్‌బర్స్ట్ లేదా టొరెన్షియల్ డౌన్‌పోర్. మరీనా ఉంటే సుడి, ఆగ్వా ఉంటే వాన – ఇలా గుర్తుపెట్టుకోండి. 'ఎన్ త్రోంబా' అంటే జనం ఒక్కుమ్మడిగా దూసుకురావడం.

మాంగా కూడా ఇలాంటిదే. అసలు అర్థం చొక్కా చెయ్యి. మేఘం నుంచి దిగే నీటి గొట్టాన్ని మాంగా అంటారు. 'మాంగా దె బియెంతో' అన్నప్పుడు పాత పుస్తకంలో సుడిగాలి, విమానాశ్రయం దగ్గర అయితే గాలి దిశ చూపించే గుడ్డ గొట్టం.

పెద్ద తుఫానుల దగ్గర రెండు మాటలు. ఉరకాన్ కరీబియన్ దీవుల తైనో ప్రజల మాట. స్పానిష్ దాన్ని 16వ శతాబ్దంలో తీసుకుంది, ఇంగ్లీషు స్పానిష్ నుంచి తీసుకుంది. ఇంగ్లీషులో కుదురుకునేలోపు ఎన్నో స్పెల్లింగులు మారింది. షేక్‌స్పియర్ దాన్ని హరికేనో అని వాడాడు, అదీ సముద్రం మీది నీటి స్తంభం అనే అర్థంలో. సిక్లోన్ దారి మాత్రం మన వాకిట్లోంచే వెళ్ళింది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ పాము చుట్టకి గ్రీకులో ఉన్న మాట నుంచి సైక్లోన్ అనే పదాన్ని తయారు చేసి, 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో ప్రతిపాదించాడు. బంగాళాఖాతం తుఫానుల్ని ఏళ్ళ తరబడి పరిశీలించినవాడు ఆయన. 1789 డిసెంబరులో మన కోరంగిని ముంచిన ఉప్పెన కూడా ఆ పరిశీలనలో ఉంది. ఆ మాటే ఇంగ్లీషు నుంచి స్పానిష్‌కి వెళ్ళి, నేడు క్యూబా ఇళ్ళలో ఉరకాన్‌తో సమానంగా సిక్లోన్ వినిపిస్తుంది.

పరిభాషలో మాత్రం స్థాయిలు కలపకూడదు. అట్లాంటిక్‌లో నిలకడ గాలి 34 నాట్లు దాటితే 'తొర్మెంతా త్రోపికల్' (ఉష్ణమండలపు తుఫాను), 64 దాటితే ఉరకాన్. మన వాతావరణ శాఖ లెక్కలో 34 నుంచి 47 దాకా తుఫాను, 48 నుంచి 63 దాకా తీవ్ర తుఫాను, 64 నుంచి అతి తీవ్ర తుఫాను. అంటే వాళ్ళ ఒక్క మెట్టు మనకి రెండు మెట్లు. 2014 అక్టోబరులో విశాఖని తాకిన హుద్‌హుద్ గురించి స్పానిష్‌లో రాయాలంటే సిక్లోన్ అనండి. బంగాళాఖాతం తుఫానుని ఉరకాన్ అనరు, తిఫోన్ అసలే అనరు. తిఫోన్ పశ్చిమ పసిఫిక్‌ది. ఫిలిప్పీన్స్ స్పానిష్ పాలనలో ఉన్న రోజుల్లో మనీలా వాతావరణ శాస్త్రజ్ఞులు వాడిన మాట బగియో, అది స్థానిక తగాలోగ్ మాట. ఆ కాలపు పత్రాల్లో ఇది కనిపిస్తే అక్కడి బగియో అనే ఊరి పేరనుకోకండి.

బొర్రాస్కా గురించి క్లుప్తంగా: స్పెయిన్ వార్తల్లో అది సమశీతోష్ణ మండలపు అల్పపీడనం. మనం వాయుగుండం అనే మాటకి దగ్గరగా వినిపిస్తుంది గానీ మనది ఉష్ణమండలపు మెట్టు. కాబట్టి ఇంగ్లీషులో డిప్రెషన్ లేదా లో, తెలుగులో అల్పపీడనం అంటే సరిపోతుంది. పాత నిఘంటువులు స్క్వాల్ అని చెప్తాయి, వార్తల విషయంలో అది పనికిరాదు.

ఇప్పుడు నీళ్ళలోకి దిగుదాం. అసలు చిక్కు ఎడ్డీ దగ్గరుంది. ఇంగ్లీషు నిఘంటువులో ఎడ్డీ అంటే రెమొలీనో అని ఉంటుంది. సముద్రశాస్త్రంలో అది సరైనదే. గ్రాన్ కనారియా లాంటి దీవుల వెనక ప్రవాహం విడిపోయి, పదుల కిలోమీటర్ల వెడల్పున తిరిగే నీటి సుడుల్ని శాస్త్రవేత్తలు 'రెమొలీనోస్ ఒసెయానికోస్' అనే అంటారు. కానీ కొండ నదిలో పడవ నడిపేవాళ్ళ ఎడ్డీ వేరు. ప్రవాహానికి అడ్డంగా పెద్ద బండ ఉంటే, దాని వెనక నీరు ఎగువకి మళ్ళుతుంది. అక్కడ పడవ ఆపి ఊపిరి తీసుకుంటారు. అది సుడిగుండం కాదు, ఆశ్రయం. స్పానిష్ కయాక్ (చిన్న తెడ్డు పడవ) పరిభాషలో అది కొంత్రకొర్రియెంతె, ముద్దుగా కొంత్రా. ఎదురు ప్రవాహం అని అర్థం. పడవ నడిపే పాఠాన్ని అనువదిస్తూ 'ఎడ్డీలోకి వెళ్ళు' అన్నదాన్ని 'రెమొలీనోలోకి వెళ్ళు' అని రాస్తే, చదివినవాడు ప్రమాదం వైపు వెళ్ళమన్నారని భయపడతాడు. ఎడ్డీ మాట పుట్టుకలో కూడా తిరుగుడు కంటే వెనక్కి మళ్ళడం అనే భావమే ముందుందని భాషావేత్తల అభిప్రాయం. సముద్ర నావికుల భాషలో ఇలాంటి మళ్ళింపు ప్రవాహానికి రెబేసా అనే మాట ఉంది.

అదే పాఠంలో రూలో అనే మాట వస్తే నిజంగా జాగ్రత్త. నీరు మెట్టు మీంచి పడి, కిందనే వెనక్కి దొర్లుతూ ఉండే చోటది. ఇంగ్లీషులో హోల్ లేదా హైడ్రాలిక్. సుడిగుండం నిలువు ఇరుసు చుట్టూ బొంగరంలా తిరుగుతుంది. రూలో అడ్డ ఇరుసు చుట్టూ అప్పడాల కర్రలా దొర్లుతుంది. పడినవాణ్ణి బయటికి వదలనిది ఇదే. తెలుగులో దీన్ని సుడిగుండం అంటే ఎటు ఈదాలో తప్పు చెప్పినట్టవుతుంది. 'దొర్లుడు నీరు' అని వివరించి రాయండి.

బొరాహినె పుట్టింది లాటిన్‌లో మింగడం అనే మాట నుంచి. మనుషుల్నీ పడవల్నీ మింగేసే భీకర సుడిగుండం. ఇప్పుడు వాడుకలో ఎక్కువగా పనుల హడావిడికీ, జీవితపు గందరగోళానికీ వాడతారు. నీటికి సంబంధించినదైతే ఇంగ్లీషులో మేల్‌స్ట్రామ్ బాగుంటుంది. బోర్తిసె శాస్త్రపు మాట, వోర్టెక్స్‌కి సరి జోడు. ధ్రువ ప్రాంతపు 'బోర్తిసె పొలార్' నుంచి విమానం రెక్కల చివర తిరిగే గాలి వరకు భయం లేకుండా వాడవచ్చు. లాటిన్‌లో వోర్టెక్స్, వెర్టెక్స్ ఒకే మాటకి రెండు రూపాలు. సుడికీ అదే, నడినెత్తికీ అదే. వెంట్రుకల సుడి ఉండేది అక్కడే కదా! ఇంగ్లీషు వర్ల్‌కి బంధువైన పాత నార్స్ (స్కాండినేవియా ప్రాచీన భాష) మాటలో కూడా వలయం, నడినెత్తి అనే రెండు అర్థాలున్నాయి.

ఓయా అంటే వంటకుండ. నదిలో సుడి ఏర్పడే చోటుకీ ఆ పేరుంది. మన గుండం గుర్తొస్తుంది. సుడిలో చిక్కిన గులకరాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి రాతిలో తొలిచిన గుంతల్ని 'మర్మీతా దె హిగాంతె' అంటారు, రాక్షసుడి కుండ అని. స్పెయిన్‌లో హెర్తె లోయలో లోస్ పిలోనెస్ అనే చోట నల్లసేనపు రాతిలో ఇలాంటివి వరసగా ఉన్నాయి. ఇంగ్లీషులో పాట్‌హోల్. మళ్ళీ స్పానిష్‌లోకి తిప్పేటప్పుడు యంత్రానువాదం దీన్ని బాచె, అంటే రోడ్డు గుంత చేసెయ్యవచ్చు. తప్పకుండా సరిచూడండి.

ఒక ప్రశ్న వచ్చింది: 'వాడికి సుడి ఉంది' అని అదృష్టం గురించి అంటాం కదా, దానికీ రెమొలీనో వాడొచ్చా అని. వాడకూడదు. మన రెండు మాటలు విడిపోయేది సరిగ్గా అక్కడే. స్పానిష్‌లో రెమొలీనోకి అదృష్టం అర్థం లేదు. అక్కడ 'తియేనె స్వెర్తె' అనాలి. 'తియేనె ఉన్ రెమొలీనో' అంటే విన్నవాళ్ళు అతని నెత్తి వైపు చూస్తారు.